గిటారు కోసం వాయిదాల అప్పు తగునా?

ప్రశ్న: నా వయసు 27. విశాఖపట్నంలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. ఏటా మార్చిలో పొడిగిస్తారు. నెలకు 42,000 రూపాయలు చేతికి వస్తాయి. అద్దె, ఇంటి ఖర్చులు 24,000, ఊళ్లో అమ్మానాన్నలకు 8,000, బండి వాయిదా 4,200 పోగా 5,800 మిగులుతుంది. బ్యాంకు ఖాతాలో 22,000 ఉన్నాయి. గిటారు నేర్చుకోవాలని ఉంది. అకౌస్టిక్ 10,500కు వస్తుంది, ఎలక్ట్రిక్ అయితే యాంప్లిఫయరుతో కలిపి 48,000 అవుతుంది. రెండోదాన్ని క్రెడిట్ కార్డుపై 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. ఏది మేలు?

జవాబు: అకౌస్టిక్ గిటారునే, అదీ రెండు నెలలు ఆగి, మిగులు డబ్బుతో కొనుక్కోమని నా సలహా. కెమెరా, ఫోను, గిటారు, వస్తువేదైనా సరే, ఏ రకం మంచిదో తేల్చుకోవడానికి వారాల తరబడి ఆలోచించేవారు డబ్బు ఎలా కట్టాలన్నది మాత్రం దుకాణం కౌంటరు దగ్గర ఒక్క నిమిషంలో తేల్చేస్తున్నారు. మీరూ ఆ పొరపాటు అంచున నిలబడి ఉన్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ నెలవారీ ఖర్చు 36,200 రూపాయలు. ఆ లెక్కన మీ ఖాతాలోని 22,000 పద్దెనిమిది రోజులకు సరిపోతాయి. మీలాంటి కాంట్రాక్టు ఉద్యోగికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2,17,200 రూపాయలు అత్యవసర నిధిగా ఉండాలి. మార్చిలో పొడిగింపు ఉత్తర్వు ఒక్క నెల ఆలస్యమైతే అద్దె ఆగదు, ఊరికి పంపవలసిన డబ్బు ఆగదు, బండి వాయిదాకు తోడు గిటారు వాయిదా 4,000 కూడా నెత్తిన ఉంటుంది. అప్పుడు కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగిలినది వచ్చే నెలకు నెట్టవలసి వస్తుంది. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం. పైగా పాత బాకీ పూర్తిగా తీరేవరకు ఆ కార్డుతో కొత్తగా కొన్న పాలప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. పద్దెనిమిది రోజుల నిల్వతో ఈ అప్పులోకి దిగడం ఏ విధంగానూ సమర్థించలేను.

నో కాస్ట్ అన్న మాటను కూడా నమ్మకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. దుకాణం వడ్డీ మేరకు ధర తగ్గించినట్లు చూపినా, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోకే వస్తాయి. ఒకేసారి నగదు చెల్లిస్తే దొరికే తగ్గింపును వదులుకోవడం వేరే నష్టం.

ఇక వాద్యం సంగతి. ముందు అకౌస్టిక్ నేర్చుకుంటేనే ఎలక్ట్రిక్ వస్తుందన్న నియమమేదీ లేదు. ఎలక్ట్రిక్ తీగలు సన్నగా ఉండి కొత్తవారి వేళ్లకు తక్కువ నొప్పి కలిగిస్తాయన్నదీ నిజమే. అయితే దానికి యాంప్లిఫయరు, కేబులు కావాలి, చెడితే మరమ్మతు ఖర్చూ ఉంటుంది. అకౌస్టిక్‌ను చేతిలోకి తీసుకుంటే చాలు, మోగుతుంది. కార్డ్స్ (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించే పట్లు) పట్టడం, లయ తప్పకుండా వాయించడం దాని మీద అలవడితే ఆ సాధన తరువాత ఎలక్ట్రిక్‌కూ పనికివస్తుంది. సముద్రపు గాలి ఉన్న ఊరు కాబట్టి వాయించాక తీగలు తుడిచి, గిటారును సంచిలో పెట్టండి. పాతది కొనదలిస్తే, వాయించడం తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి.

రెండు నెలల మిగులు 11,600తో గిటారు వచ్చేస్తుంది. ఉన్న 22,000 జోలికి వెళ్లకండి. మూడో నెల నుంచి 5,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, పది నెలలకు మీ నిల్వ 72,000 దాటి రెండు నెలల ఖర్చుకు దాదాపు సరిపోతుంది. అప్పటికీ రోజూ వాయిస్తూ ఉంటే, ఆ తరువాతి మిగులులో సగం ఎలక్ట్రిక్ గిటారుకు విడిగా దాచుకోండి, మిగతా సగం అత్యవసర నిధికే చేర్చండి. మ్యూచువల్ ఫండ్ల ఆలోచన ఆ నిధి పూర్తయ్యాకే. ఉద్యోగం ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కనుక మీ పేరున వేరే పాలసీ ఉండాలి. అది ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే, గిటారు కొన్న మరుసటి నెలలోనే తీసుకుని, ఆ ప్రీమియం మేరకు డిపాజిట్ తగ్గించుకోండి.