పటకారు తోక పురుగు చెవిలో దూరుతుందా?

సియాటిల్ ప్రాంతంలో కొత్తగా ఇల్లు తీసుకున్నామని, పెరట్లో ఏ కుండీ కదిపినా తోకకు పటకారు ఉన్న గోధుమరంగు పురుగులు పరుగెడుతున్నాయని, వీటి పేరు ఇయర్‌విగ్ అని విన్నప్పటి నుంచి పిల్లల చెవుల గురించి భయంగా ఉందని, మందు కొట్టించమంటారా అని మీరు అడిగారు. చెవుల విషయంలో నిశ్చింతగా ఉండండి. చీకటిగా, ఇరుకుగా, తేమగా ఉన్న సందు ఏది దొరికినా ఇది పగలంతా అందులో దాక్కుంటుంది గానీ మనిషి చెవిని వెతుక్కుంటూ రాదు. విసిగించే వారిని మనం చెవిలో జోరీగ అంటామని జోరీగలన్నీ చెవుల మీద పడవు కదా, ఇదీ అంతే.

మన పెరళ్లలో ఎక్కువగా కనిపించేది యూరప్ నుంచి వచ్చిన జాతి. సియాటిల్‌లో దీనిని 1907లోనే గుర్తించారు కనుక, ఈ ఊరికి మనకంటే అదే పాత కాపు. అర అంగుళం పొడవుంటుంది. పటకారు విల్లులా వంగి ఉంటే మగది, దాదాపు తిన్నగా ఉంటే ఆడది. వీపు మీది పొట్టి తొడుగుల కింద విసనకర్రలా ఎన్నో మడతలు పెట్టిన రెక్కలు ఉంటాయి, అయినా ఎగరడం చాలా అరుదు; ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు.

నా అభిప్రాయాన్ని మార్చింది ఒక ఫిబ్రవరి ఉదయం. మడి అంచున పాత ఇటుక ఎత్తగా, మట్టిలో గోలీ పట్టేంత గుంటలో ముత్యాల రంగు గుడ్లు ముప్పై నలభై దాకా, వాటి మీద తల్లి పురుగు కనిపించాయి. నా చేతిపార అంచు తగిలి ఐదారు గుడ్లు చెదిరాయి. అది పారిపోతుందనుకున్నాను, పారిపోకుండా ఒక్కొక్క గుడ్డునే నోట కరచుకుని తెచ్చి మళ్లీ కుప్పలో పెట్టింది. శీతకాలమంతా అది గుడ్లను నాకి శుభ్రం చేస్తూ బూజు పట్టకుండా కాపాడుతుందని, మగదానిని గూటి దరిదాపులకు రానివ్వదని, వసంతంలో పొదిగిన పిల్లలకు కొన్నాళ్లు తిండి కూడా అందిస్తుందని తరువాత చదివి తెలుసుకున్నాను. ఇటుకను మెల్లగా యథాస్థానంలో పెట్టేశాను.

అలాగని ఇది నిరపాయకరం అని చెప్పను. జూలై, ఆగస్టు నెలల్లో రాత్రిపూట డేలియా పూరేకులను, లేత నారును, మొక్కజొన్న పీచును కొరికేస్తుంది. అదే పురుగు ఆపిల్ చెట్టెక్కితే దూది అంటుకున్నట్టు కొమ్మలను పట్టే పేనుబంకను తింటుంది. అందుకే నేను మందు కొట్టను. సాయంత్రం తడిపిన వార్తాపత్రికను వదులుగా చుట్టి డేలియా మొదట్లో పెడతాను. తెల్లవారగానే ఆ చుట్టను బకెట్‌లో దులిపి, పెరటి ఆ చివరనున్న ఆపిల్ చెట్టు కింద వదిలేస్తాను. మరీ ఎక్కువైన ఏడాది మాత్రం సబ్బు నీళ్లలో దులిపాను. మీకు పీచ్ చెట్టు ఉంటే దాని దగ్గర వదలవద్దు, మెత్తని పండును ఇవి తొలిచి పాడు చేస్తాయి.

ఇండియాలో మన ఊళ్లలో వేరుశనగ కాయకు చిల్లి పెట్టి గింజ తినే పటకారు పురుగు కూడా ఇయర్‌విగ్ కోవదే అయినా వేరే జాతి. దాని అనుభవంతో దీని మీద తీర్పు చెప్పవద్దు.

ఇంట్లోకి వచ్చినవి తేమ దొరకక ఎక్కువ కాలం బ్రతకవు; చీపురుతో బయటికి నెట్టి, తలుపు కింది సందు మూయించండి. పిల్లలు చేత్తో పట్టుకుంటే పటకారుతో నొక్కవచ్చు, విషమేమీ ఉండదు, కాకపోతే వేళ్లకు ఒక ఘాటు వాసన అంటుకుంటుంది.