ఎయిర్ కూల్డ్ ఏటీవీకి రేడియేటర్ పెట్టించాలా? పెట్టించి చూసినవాడి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. డిగ్రీ అయిపోయి జడ్చర్ల దగ్గర నాన్న పొలం చూసుకుంటున్న తమ్ముడొకడు అడిగాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 250 సీసీ చైనా ఏటీవీ (మట్టి దారుల్లో నడిచే నాలుగు చక్రాల బండి), ఎయిర్ కూల్డ్, అంటే గాలికే చల్లబడే ఇంజన్. వెనక చిన్న ట్రాలీ తగిలించి ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు మోస్తున్నాడు. ఏప్రిల్ వచ్చేసరికి అరగంటకే వేడెక్కి లాగడం మానేస్తోంది. "బోరు చుట్టూ డబ్బా వెల్డింగ్ కొట్టి రేడియేటర్ పెడదాం, పాతిక వేలల్ల అయిపోతది" అన్నాడట మెకానిక్ (బోరంటే పిస్టన్ ఆడే సిలిండర్). చేయించాలా వద్దా, ఈలోగా వేడెక్కినప్పుడు ఇంజన్ మీద నీళ్లు చల్లొచ్చా అన్నది అతని సందేహం.

తమ్ముడూ, ఆ పాతిక వేలు నేను ఎప్పుడో ఖర్చు పెట్టేశాను. పాతికతో ఆగలేదు కూడా.

మాది నల్లగొండ దగ్గర బత్తాయి తోట. కాయ కోతలప్పుడు క్రేట్లు గట్టు మీదికి చేర్చడానికి నేనే ఒక నాలుగు చక్రాల బండి తయారు చేసుకున్నా. చదరపు పైపుల ఫ్రేమ్, ముందు రెండు సీట్లు, సీట్ల వెనక పాత 180 సీసీ బైక్ ఇంజన్. (రోడ్డెక్కించే ఆలోచన లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండినే ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, ఇంక ఇలాంటి దాని సంగతి చెప్పేదేముంది. తోట గేటు దాటించను.) చలికాలమంతా ముద్దుగా నడిచింది. మార్చి దాటగానే మొదలైంది తంటా. ఎర్రమట్టి చెల్కలో ఫస్ట్ గేరు, సెకండ్ గేరు తప్ప పడవు. ఇరవై నిమిషాలకు ఇంజన్ లోంచి టకటక శబ్దం, కాలిన ఆయిల్ వాసన, ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా లాగదు. ఒకరోజు మధ్యాహ్నం తోట మధ్యలో పిస్టన్ పట్టేసింది. చల్లారాక మళ్లీ స్టార్ట్ అయింది కానీ ఆ రోజే నిర్ణయించుకున్నా, దీనికి నీళ్లు పెట్టాల్సిందేనని.

పాత బోరు ఒకటి స్క్రాప్‌లో కొన్నా. గాలికి చల్లబడేందుకు దాని చుట్టూ ఉండే రెక్కలన్నీ లేత్ మీద కోయించి, చుట్టూ 4 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీతో నీటి డబ్బా కట్టించా. ఆర్గాన్ వెల్డింగ్ చేసే అతను పనిమంతుడే, మొదటే హెచ్చరించాడు కూడా: ఏళ్ల తరబడి ఆయిల్ తాగిన పోత అల్యూమినియం, వేడి తగలగానే లోపలి మడ్డి బుడగలై పైకొస్తది, అతుకులో సూది బెజ్జాలు మిగులుతయి అని. నిజంగానే మూడుసార్లు కోసి మూడుసార్లు అతికించాడు. అంత వేడి పడ్డాక బోరు గుండ్రంగా ఎందుకుంటుంది? లోపలి ఇనుప స్లీవ్ కూడా పట్టు వదిలింది. కొత్త స్లీవ్ కొట్టించి, మళ్లీ బోరింగ్ చేయించి, పైన కింద లెవెల్ చేయించాల్సి వచ్చింది. రేడియేటర్ ఒక 200 సీసీ బైక్‌ది, పంపు పాత కారుది, చిన్న ఎలక్ట్రిక్ పంపు. అన్నీ బిగించి స్టార్ట్ చేసిన రోజు మా ఊళ్లో సగం మంది వచ్చి చూశారు.

బండి మాత్రం ముప్పై నిమిషాలకు మళ్లీ టకటకమంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి అప్పు తెచ్చి చూస్తే బోరు 75 డిగ్రీలు. స్పార్క్ ప్లగ్ మొదట్లో 220. నేను చల్లబరచాల్సిన చోటు వదిలేసి చల్లబడనవసరం లేని చోట చెరువు తవ్వానన్నమాట. వేడి పుట్టేది బోరు మీద మూతలా కూర్చునే హెడ్‌లో: మంట మండే గది, ప్లగ్, అన్నిటికంటే మించి ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టుపక్కల. ఆ ఎగ్జాస్ట్ దారి పొడవునా వేడి పొగ హెడ్ లోహాన్ని రాసుకుంటూ పోతుంది. బోరుకు చేరే వేడి దానికంటే చాలా తక్కువ. పెద్ద కంపెనీలు ఈ పని సగం సగం చేసినప్పుడు కూడా నాకు తలకిందులుగా చేశాయి. 1980లలో పోర్షే 959 కారులో సిలిండర్లను గాలికే వదిలేసి హెడ్‌లకు మాత్రం నీళ్లు పెట్టారు. బీఎండబ్ల్యూ తన పెద్ద ఆఫ్‌రోడ్ బైక్ ఆర్ 1200 జీఎస్‌కు 2013లో నీళ్లు ఇచ్చినప్పుడూ వేడి ఎక్కువగా పుట్టే హెడ్ భాగాలకే ఇచ్చింది, మిగతాదానికి రెక్కలు అలాగే ఉంచింది. నీ మెకానిక్ చెప్పిన "బోరు చుట్టూ డబ్బా" నా డబ్బానే. హెడ్ లోపల నీటి దారులు వెల్డింగ్‌తో పుట్టించలేం, అవి పోత పోసేటప్పుడే రావాలి.

ఇంకో దెబ్బ చలికాలంలో తగిలింది. ఇది నేను ఊహించనే లేదు. డిసెంబర్ పొద్దున, స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే తొందరపడి క్రేట్లతో ఎక్కించా. బోరు చుట్టూ చన్నీళ్లు తిరుగుతున్నాయి, నేను థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వ్) పెట్టలేదు. పిస్టన్ మాత్రం లోపల వేడెక్కి ఉబ్బుతోంది, బయట బోరు సాగనంటోంది. విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువునా నాలుగు గీతలు, ఎవరో గోళ్లతో రక్కినట్టు. థర్మోస్టాట్ లేకుండా నీళ్లు తిప్పితే చల్లగా ఉండటం కూడా జబ్బేనని అప్పుడు తెలిసింది.

చివరికి వెల్డింగ్ అతుకు చిట్లి కూలెంట్ ఆయిల్‌లోకి దిగింది. ఆయిల్ అచ్చం పాలెక్కువైన చాయ్‌లా తయారైంది. అదే వారం నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని చెప్పకుండా ఉండలేను: కూలెంట్ తగ్గిందని బోరు బావి నీళ్లు పోశా. మన నల్లగొండ నీళ్ల సంగతి తెలిసిందే కదా, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. ఫ్లోరైడ్ అటుంచు, రేడియేటర్‌ను చంపేది ఆ నీళ్లలోని కాఠిన్యం. వేడికి అది తెల్లటి చెక్కులా గొట్టాలకు పట్టేస్తుంది. మా ఇంట్లో గీజర్ కాయిల్ విప్పి చూసినవాణ్నే, అయినా ఆ రోజు బుద్ధి పనిచేయలేదు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఎంతో కాదు.

మొత్తం లెక్క 38 వేలు దాటింది. ఆ బోరు తీసి పక్కన పెట్టి, పాత గాలి బోరే మళ్లీ ఎక్కించా. అప్పుడు కూర్చుని నిదానంగా ఆలోచిస్తే అసలు సంగతి కళ్ల ముందే ఉంది. ఈ ఇంజనే బైక్‌లో ఉన్నప్పుడు మే నెల ఎండలో హైదరాబాద్ దాకా వెళ్లొచ్చేది, ఏ టెన్షన్ లేకుండా. ఎందుకంటే బైక్ మీద దానికి గంటకు అరవై కిలోమీటర్ల గాలి ఎదురొచ్చేది. నేను దాన్ని తీసి సీటు వెనక, రేకు చాటున కూర్చోబెట్టి, గంటకు పది కిలోమీటర్ల వేగంలో ఫుల్ ఆర్‌పీఎం తిప్పిస్తున్నా. గాలి లేని గదిలో మనిషిని మూసి పరుగెత్తమన్నట్టు. మన స్కూటీలు చూడు, ఇంజన్ పూర్తిగా బాడీ లోపల మూసుకుపోయి ఉంటుంది. అయినా ట్రాఫిక్‌లో గంటసేపు నడుస్తాయి. వాటి లోపల క్రాంక్‌కే ఒక ఫ్యాన్, ఆ గాలి అటూ ఇటూ పోకుండా బోరునూ హెడ్‌నూ చుట్టి ఒక తొడుగు ఉంటాయి. సగం పని ఆ తొడుగుదే. తొడుగు లేని ఫ్యాన్ గాలి రెక్కల పక్కనుంచి తప్పించుకుని పోతుంది.

నేను చేసింది అదే. ఒక మిల్లీమీటర్ జీఐ రేకుతో హెడ్‌కు, బోరుకు దగ్గరగా తొడుగు కొట్టించా. రెక్కలకూ రేకుకూ మధ్య వేలు దూరేంత సందు కూడా లేకుండా. దానికి పాత కారు ఏసీ ఫ్యాన్ తగిలించా. ఇక్కడొక మెలిక ఉంది. అలాంటి ఫ్యాన్ 12 వోల్టుల దగ్గర 80 వాట్లు అడిగితే 6, 7 ఆంపియర్లు లాగుతుంది. చిన్న ఇంజన్‌లో కరెంటు పుట్టించే మాగ్నెటో దాన్ని, హెడ్‌లైట్‌ను కలిపి మోయలేదు. మొదటి వారం రెండుసార్లు బ్యాటరీ పడుకుంది. లైట్లు ఎల్ఈడీ చేశాక సరిపోయింది. తర్వాత ఆయిల్ కూలర్, వెనక పెద్ద స్ప్రాకెట్, కార్బురేటర్‌లో ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే బెజ్జం). ప్లగ్ మొదట్లో 165, మరీ ఎండ రోజు 175. రెండు వేసవులు గడిచాయి, హెడ్ విప్పలేదు.

ఇప్పుడు నీ బండి. అది పుట్టుకతోనే ఏటీవీ కాబట్టి తక్కువ వేగానికి తయారైందే, నా బండంత అన్యాయం దానికి జరగలేదు. అందుకే ముందు ఏదో చెడిపోయిందని అనుమానించు. వెనక చక్రాలు పైకి లేపి చేత్తో తిప్పు. బ్రేకు పట్టేసి ఉంటే ఇంజన్ రోజంతా బ్రేకుతో కుస్తీ పడుతున్నట్టే, సెకండ్ హ్యాండ్ ఏటీవీల్లో ఇది చాలా మామూలు. రెక్కల మధ్య బురద ఎండి ఇటుకలా అయి ఉంటుంది, పైనుంచి కనిపించదు, టార్చ్ పెట్టి కింది నుంచి చూడు. పుల్లతో గీకి, తర్వాత కడుగు. ప్లగ్ విప్పితే కొన తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతోందని అర్థం. పాత ఓనరు సైలెన్సర్ మార్చి జెట్ మార్చకపోతే ఇలాగే అవుతుంది. టైమింగ్ వెనక్కి జరిగినా ఎగ్జాస్ట్ ఎర్రగా కాలుతుంది. ఆయిల్ మన ఎండలకు 20డబ్ల్యూ-50 వెయ్యి, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి, తడి క్లచ్ బండ్లకు సరిపోతుందని దాని అర్థం. కారు ఆయిల్ పోస్తే ఆయిల్‌లో మునిగి తిరిగే ఆ క్లచ్ జారొచ్చు, జారే క్లచ్ ఇంకాస్త వేడి పుట్టిస్తుంది. ఇక ట్రాలీ బరువు. ఒక ట్రిప్పులో ఎన్ని బస్తాలు వేస్తున్నావో నువ్వు రాయలేదు, కానీ నాకు అనుమానంగానే ఉంది.

ఇవన్నీ చూశాక కూడా నీళ్లే కావాలనిపిస్తే ఒక దారి ఉంది, వెల్డింగ్ మాత్రం కాదు. చైనా 200, 250 సీసీ ఏటీవీ ఇంజన్లలో చాలా హోండా పాత సీజీ బైక్ ఇంజన్ నమూనా మీద వచ్చినవే. అదే కుటుంబంలో వాటర్ కూల్డ్ రకాలు కూడా తయారయ్యాయి, సామాన్లు మోసే మూడు చక్రాల బండ్ల కోసం ఎక్కువగా. నీ ఇంజన్ నంబరు, బోరు కొలత, స్టడ్‌ల మధ్య దూరం రాసుకుని, దానికి సరిపోయే బోరు, హెడ్, పిస్టన్, పంపు ఉన్న పక్క కవరు సెట్‌గా దొరుకుతాయేమో పార్ట్స్ అమ్మేవాళ్లను అడుగు. సెట్ మొత్తం దొరికితే పెట్టించు. బోరు ఒకటే దొరికిందని ఆశపడి కొనకు. రేడియేటర్ ముందు వైపు, బురద నేరుగా కొట్టని ఎత్తులో, జాలీతో. మూత 1.1 బార్‌ది వాడు, ఆ ఒత్తిడికి మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. థర్మోస్టాట్ తప్పనిసరి, నా పిస్టన్ గీతలు గుర్తు పెట్టుకో. కూలెంట్ పోశాక మూత తెరిచి స్టార్ట్ చేసి, బండి ముక్కు కాస్త పైకెత్తి గాలి బుడగలన్నీ వెళ్లిపోయేదాకా ఆగు. హెడ్‌లో ఒక్క బుడగ ఇరుక్కున్నా అక్కడ నీళ్లు లేనట్టే లెక్క.

వేడి ఇంజన్ మీద నీళ్లు చల్లడం గురించి అడిగావు. వద్దు. 200 డిగ్రీల హెడ్ మీద చెంబుడు చన్నీళ్లు పడితే ఒక పక్క ముడుచుకుంటుంది, ఒక పక్క సాగే ఉంటుంది. ప్లగ్ మర దగ్గరో, ఎగ్జాస్ట్ దగ్గరో సన్నగా పగులుతుంది, లేకపోతే హెడ్ వంగి గ్యాస్కెట్ పోతుంది. టకటక మొదలవగానే లోడు దించేసి, న్యూట్రల్‌లో రెండు నిమిషాలు మెల్లగా తిరగనివ్వు, ఆయిల్ తిరుగుతూ హెడ్ వేడిని కాస్త లాగేస్తుంది. తర్వాత ఆపి, వేప చెట్టు నీడకు తోసెయ్. చేత్తో తాకగలిగేంత చల్లారాకే బురద కడగడానికి పైపు పట్టుకో.