నెల్లూరు మేయర్ కావాలంటే దారి ఎటు? ఆ పదవి ఎమ్మెల్యే టికెట్ దాకా తీసుకెళ్తుందా?

మీరు అడిగింది రెండు సంగతులు: కార్పొరేటర్‌గా మొదలుపెట్టి మేయర్ కుర్చీ దాకా ఎలా వెళ్లాలి, అక్కడి నుంచి అసెంబ్లీకి దారి ఉందా. ముందు మొదటిది చెబుతాను. మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారనే లెక్కతో చాలామంది బయల్దేరి, అక్కడే పొరబడుతున్నారు.

నెల్లూరు 1866 నుంచి మున్సిపాలిటీ, 2004లో కార్పొరేషన్ అయింది. ఇప్పుడు 54 డివిజన్లు. మేయర్‌గా నిలబడాలంటే ముందు ఏదో ఒక డివిజన్‌లో కార్పొరేటర్‌గా గెలవాలి. గెలిచిన కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా ఉన్న ఎమ్మెల్యేలు, ఎంపీ, ఎమ్మెల్సీలు కలిసి ప్రత్యేక సమావేశంలో చేతులెత్తి మేయర్‌ని ఎన్నుకుంటారు. ఎక్స్‌అఫీషియో సభ్యులు ఓటు వేయగలరు గానీ మేయర్‌గా పోటీ చేయలేరు. ఆ రోజు మొదట కార్పొరేటర్ల ప్రమాణం, తర్వాత మేయర్ ఎన్నిక, ఆ తర్వాత డిప్యూటీ మేయర్‌. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. సభ్యుల్లో సగం మంది హాజరు కాకపోతే కోరం లేక వాయిదా పడుతుంది. రహస్య బ్యాలెట్ లేదు కాబట్టి ఎవరు ఎటు చెయ్యెత్తారో అందరికీ కనిపిస్తుంది. పార్టీ విప్ పట్టు అక్కడే. విప్ ధిక్కరించి వేసిన ఓటు ఆ రోజుకు చెల్లుతుంది, వేసినవారి కార్పొరేటర్ పదవికి మాత్రం ముప్పు వస్తుంది. బలాబలాలు దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్లలో ఫలితాలు వచ్చిన రాత్రే బస్సులెక్కించి క్యాంపులకు తీసుకెళ్లేది ఇందుకే.

మీరు ఎంత కష్టపడినా మీ చేతిలో లేనిది రిజర్వేషన్. మేయర్ స్థానం ఎవరికన్నది ఊరి వరకు తేలేది కాదు, రాష్ట్రంలోని కార్పొరేషన్లన్నీ కలిపి చూసి ఖరారు చేస్తారు. 2021లో నెల్లూరు ఎస్టీలకు వచ్చింది, ఒంగోలు ఎస్సీ మహిళకు. ఆ ఏడాది నవంబరులో నెల్లూరులో వైఎస్సార్ కాంగ్రెస్ 54కి 54 డివిజన్లూ గెలిచింది. అయినా ఆ పార్టీలో ఏళ్ల తరబడి తిరిగిన సీనియర్లలో ఎస్టీలు కానివారెవరికీ మేయర్ కుర్చీ మీద ఆశ పెట్టుకునే వీలే లేదు. పొట్లూరి స్రవంతి మేయరయ్యారు. అంతకుముందు మార్చిలో ఒంగోలులో గంగాడ సుజాత అయ్యారు. పైగా డివిజన్ల హద్దులు, వాటి రిజర్వేషన్లు మళ్లీ మారితే మీరు పనిచేసిన డివిజన్ చేజారవచ్చు. కాబట్టి పక్కపక్కన ఉన్న రెండు మూడు డివిజన్లలో మీకు మనుషులు ఉండాలి. కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటరైనా ఏ డివిజన్ నుంచైనా పోటీ చేయవచ్చు. మిమ్మల్ని ప్రతిపాదించేవారికి మాత్రం ఓటు ఆ డివిజన్‌లోనే ఉండాలి.

వయసు 21 నిండాలి. ఇద్దరు పిల్లల నిబంధన ఇప్పుడు లేదు, 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. నామినేషన్లకు దెబ్బ తగిలేది ఎక్కువగా పన్ను బకాయిల దగ్గర. ఇంటి పన్ను, కుళాయి చార్జీ, ఖాళీ స్థలం పన్ను, కార్పొరేషన్ షాపు అద్దె ఏది బాకీ ఉన్నా పరిశీలన నాడు ఎదుటివాళ్లు అభ్యంతరం లేవనెత్తుతారు. ముందే కట్టి రసీదులు దగ్గర పెట్టుకోండి.

ఇక అధికారం. మేయర్‌కి కారు, ఛాంబరు, ప్రోటోకాల్ ఉంటాయి. ఫైలు మీద సంతకం మాత్రం కమిషనర్‌ది. ఇంటి ప్లాన్ అనుమతి ఆన్‌లైన్‌లో పోతుంది, అందులో మేయర్ చెయ్యి ఉండదు. పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా వచ్చినవారు, వాళ్లనూ మేయర్ నియమించలేరు. మేయర్ చేతిలో నిజంగా ఉన్నది కౌన్సిల్, అందులోనూ ఎజెండా. బలహీనమైన మేయర్లందరికీ ఒకే తీరు: కమిషనర్ కార్యాలయం పంపిన ఎజెండాను సమావేశం నాటి ఉదయం చూస్తారు. టేబుల్ ఎజెండా పేరుతో అప్పటికప్పుడు చేర్చిన అంశాలు, ఎప్పుడో అయిపోయిన పనులకు రాటిఫికేషన్లు (తర్వాత ఇచ్చే ఆమోదాలు) చదవకుండానే గడిచిపోతాయి. తర్వాత ఆడిట్ అభ్యంతరం వస్తే తీర్మానం కింద మేయర్ పేరే ఉంటుంది. నన్నడిగితే ఎజెండాలోని ప్రతి పనికీ నాలుగు ప్రశ్నలు వేయని మేయర్ ఆ కుర్చీలో ఉండీ లేనట్టే: అంచనా ఎంత, నిధి ఏ పద్దు నుంచి, పరిపాలనా ఆమోదం ఏ తేదీన, టెండరుకు ఎందరు వచ్చారు.

నిధి ఏ పద్దు నుంచి అన్నది మరీ ముఖ్యం. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతంలోనే కాస్త వెసులుబాటు. సాధారణ నిధి ప్రధానంగా ఇంటి పన్ను మీద నిలబడుతుంది. 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఏడాది పన్ను ఏప్రిల్లోనే కడితే 5 శాతం రాయితీ కాబట్టి ఆ నెలలో డబ్బు బాగా వస్తుంది, తర్వాత మందగిస్తుంది. చిన్న రోడ్డు పనికి కాంట్రాక్టర్లు టెండరు వేయకపోతే తప్పు ఇంజినీర్లదే అనుకోకండి. ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కి, క్వాలిటీ కంట్రోల్ అయి, బిల్లు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో పడ్డాక కూడా చెల్లింపు నెలల తరబడి ఆగితే మళ్లీ ఎవరు వస్తారు? పాత బిల్లుల జాబితా దగ్గర పెట్టుకుని కమిషనర్‌తో వారానికోసారి కూర్చునే మేయరే కొత్త పనులు తేగలరు.

నెల్లూరుకు ప్రత్యేకం ఇంకొకటి ఉంది. ఇక్కడ పెద్దవాన నైరుతిది కాదు, ఈశాన్యానిది. 2015 నవంబరులో, 2021 నవంబరులో ఊరు మునిగింది. కాబట్టి కాలువల పూడికతీత సెప్టెంబరు చివరికల్లా ముగియాలి. అంటే తీర్మానం, టెండరు వేసవిలోనే అయిపోవాలి. అక్టోబరులో మొదలుపెడితే తీసిన మట్టి గట్టు మీదే ఉండి మొదటి వానకు తిరిగి కాలువలో పడుతుంది, బిల్లు మాత్రం అయిపోతుంది. కాలువ గట్ల ఆక్రమణల జోలికి వెళ్లే ధైర్యం ఏ పాలకవర్గానికీ తేలిగ్గా రాదు, ఆ ఇళ్లలో ఓట్లున్నాయి. ప్రత్యామ్నాయ స్థలం చూపకుండా తీయిస్తే అది అన్యాయం కూడా. ఒంగోలులో పోతురాజు కాలువది ఇదే కథ. అక్కడ దానికి తోడు సాగర్ కాలువకు నీళ్లు ఆపేసేలోపు సమ్మర్ స్టోరేజీ చెరువులు నింపుకోకపోతే వేసవంతా ట్యాంకర్ల బతుకే.

బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మేయర్‌కి ఏటా వచ్చే పరీక్ష. స్వర్ణాల చెరువు ఘాట్ల దగ్గర మరుగుదొడ్లు, మంచినీళ్లు, లైట్లు, రాత్రి షిఫ్టు పారిశుద్ధ్యం సరిగ్గా కుదిరితే ఊరంతా చెప్పుకుంటుంది. కుదరకపోతే ఇంకా ఎక్కువ చెప్పుకుంటుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నెల్లూరు కార్పొరేషన్ సిటీ, రూరల్ అనే రెండు అసెంబ్లీ నియోజకవర్గాల మధ్య పంచుకుని ఉంది. ఇద్దరు ఎమ్మెల్యేలు తమ డివిజన్లలో తామే పెద్ద అనుకుంటారు, మేయర్ ఎదిగితే రేపు టికెట్‌కు పోటీ వస్తారనీ అనుకుంటారు. ఒక పార్టీలోనే ఉన్నా ఈ మాట మారదు. పార్టీలు వేరైతే నిధులు, శంకుస్థాపనలు, ప్రోటోకాల్ అన్నిట్లో రాపిడే. అందుకే రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే మేయర్లూ పార్టీ మారడం పరిపాటైంది. అబ్దుల్ అజీజ్ దారి చూడండి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున మేయరై కొద్దికాలానికే తెలుగుదేశంలోకి వెళ్లారు. 2019లో రూరల్ నుంచి అసెంబ్లీకి పోటీ చేసి కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి చేతిలో ఓడారు, తర్వాత వక్ఫ్ బోర్డు చైర్మన్ అయ్యారు. మేయర్ పదవి టికెట్ దాకా తీసుకెళ్లింది, గెలుపు దాకా తీసుకెళ్లలేదు.

అవిశ్వాసం మాట కూడా గుర్తుంచుకోండి. 2021లో ఎన్నికైన మేయర్లకు నాలుగేళ్లు నిండే దాకా రక్షణ ఉండేది. నిండగానే 2025 ఏప్రిల్లో విశాఖలో పెట్టారు, మూడింట రెండొంతుల బలంతో నెగ్గింది. కార్పొరేటర్లు ఒక్కొక్కరుగా అవతలి వైపు వెళ్తున్నప్పుడు మేయర్ దగ్గర మిగిలేది వాళ్ల డివిజన్లకు తాను చేసిన పనే. ఎదుటి పార్టీ కార్పొరేటర్ అడిగిన బోరు మోటారు, కల్వర్టు ఆపిన మేయర్లకు ఆ రోజు చెయ్యెత్తేవారు దొరకరు.

2010 నుంచి 2014 దాకా, మళ్లీ 2019 నుంచి 2021 దాకా ఇక్కడ పాలకవర్గం లేక ప్రత్యేకాధికారి పాలనే సాగింది. అలాంటి విరామంలో కార్పొరేటర్ హోదా లేకుండా కూడా వార్డు సచివాలయం చుట్టూ తిరిగి, అర్జీ నంబర్లు రాసుకుని, పని అయ్యేదాకా వెంటపడిన మనిషికే తర్వాత డివిజన్ టికెట్ అడిగే హక్కు ఉంటుంది. మీరు కొత్తవారైతే మీ డివిజన్ ఓటరు జాబితా తెచ్చుకుని వీధి వీధికీ చదవడంతో మొదలుపెట్టండి.