పాఠకుల ప్రశ్నలు: నాన్నగారు 1971 యుద్ధంలో ఎక్కడ పనిచేశారు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా నాన్నగారు 1964లో మిలటరీలో చేరి 1979లో పెన్షన్ మీద ఇంటికొచ్చారు. బంగ్లాదేశ్ యుద్ధంలో ఉన్నానని చెప్పేవారు గానీ మేం వివరాలు అడగలేదు. ఇప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. 1996 తుఫానుకు ఇల్లు కూలి కాగితాలన్నీ పోయాయి. మిగిలినవి ఒక ఫొటో, ట్రంకు పెట్టె, మెడల్. ఆయనది ఏ రెజిమెంటో, తోటివాళ్ళు ఎవరైనా ఉన్నారో తెలుసుకునే దారి ఉందా? (రాజోలు పాఠకురాలు)

జవాబు: ఉందండి. ముందు ఆర్మీ నంబరు పట్టుకోండి. సైనికుల సర్వీసు పత్రాలుండే రికార్డు ఆఫీసులో వెతికేది దానితోనే. పేరు చెప్పి వెతకమంటే సత్యనారాయణలు, వెంకట్రావులు వందల్లో తేలతారు.

ట్రంకు మీద నంబరు, ర్యాంకు, పేరు తెల్లరంగుతో రాయించుకోవడం జవాన్లకు అలవాటు. తర్వాత దానిమీద ఇంకో రంగు పడి ఉంటే గీకకండి. గది చీకటి చేసి, టార్చిని రేకుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడనిస్తే, అడుగున ఉన్న పాత అక్షరాలు ఉబ్బెత్తుగా నీడతో కనిపిస్తాయి. మెడల్ గుండ్రంగా ఉంటే దాని అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, నంబరూ పేరూ అక్కడ చెక్కి ఉంటాయి. మెరవాలని చింతపండు పెట్టి మాత్రం తోమకండి, ఆ సన్నటి అక్షరాలు అరిగిపోతాయి.

అంకెల తర్వాత ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటే అదీ రాసుకోండి. ఏడంకెల నంబరు 25తో మొదలైతే మద్రాస్ రెజిమెంటు, 70తో అయితే ఈఎంఈ (సైన్యం వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం). ఆయన నాయబ్ సుబేదారు దాకా ఎదిగి ఉంటే ‘జేసీ’తో మొదలయ్యే కొత్త నంబరు వచ్చి ఉంటుంది. రెండు చోట్ల రెండు నంబర్లు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఆయనవే.

పెట్టె, మెడల్ పనికి రాకపోతే పెన్షన్ ఇచ్చిన బ్యాంకులోనో ట్రెజరీలోనో పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నకలు అడగండి. మాజీ సైనికుడి కోటాలో ఉద్యోగమో భూమి పట్టానో వచ్చి ఉంటే, ఆ ఫైల్లో డిశ్చార్జి బుక్కు నకలు ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత రికార్డు ఆఫీసుకు ఉత్తరం. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లది (సైన్యంలోని ఇంజినీర్ల విభాగం) బెంగళూరులో, ఆర్టిలరీది నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో, ఈఎంఈది సికింద్రాబాద్‌లో ఉంది. నేవీ అయితే ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ఎయిర్‌ఫోర్స్ అయితే ఢిల్లీ సుబ్రతో పార్కులోని రికార్డు ఆఫీసు.

మనవాళ్ళ ఉత్తరాలు ఎక్కువగా తప్పేది చిరునామా దగ్గరే. ఆయన పత్రాల్లో కోనసీమ జిల్లా ఉండదు, అది 2022లో వచ్చింది. మండలాలూ 1985 తర్వాతి మాటే. కాబట్టి ‘రాజోలు తాలూకా, తూర్పు గోదావరి జిల్లా’ అనే రాసి, కింద ఇప్పటి చిరునామా ఇవ్వండి. పేరు ఇంటిపేరుతో ఒకసారి, లేకుండా ఒకసారి రాయండి, తాతగారి పేరు కలపండి. మరణ ధ్రువీకరణ, మీరు కూతురని చూపే పత్రం, మీ ఆధార్ నకళ్ళు జతచేసి స్పీడ్‌పోస్టులో పంపండి. సమాచార హక్కు కింద పెడితే వ్యక్తిగత సమాచారమని తోసిపుచ్చే వీలుంది, కూతురిగా రాయడమే మేలు. ‘సర్వీసు వివరాలు’ అని ఊరుకోవద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ యూనిట్లో ఉన్నారు, ట్రేడు (డ్రైవరు, క్లర్కు లాంటి పని) ఏమిటి, ఏ మెడల్స్ వచ్చాయి అని విడివిడిగా అడగండి. 1971 డిసెంబరు 3 నుంచి 17 వరకు ఆయన ఉన్న యూనిట్ తెలిస్తే ఆ యూనిట్ ఎక్కడ పోరాడిందో తేలుతుంది. పూర్వీ స్టార్ వచ్చి ఉంటే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ అయితే పడమర. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే దాన్నిబట్టి ఏ రంగమో చెప్పలేం.

తోటివాళ్ళ కోసం మాత్రం ఆ జవాబు వచ్చేదాకా ఆగకండి. 1964లో చేరినవాళ్ళకు ఇప్పుడు దాదాపు 80 ఏళ్ళు. కాగితం కాస్త ఆలస్యంగానైనా దొరకొచ్చు గానీ మనుషుల సంగతి అలా కాదు. కాకినాడ, ఏలూరు జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయాల్లో అడగండి. చిరునామాలు ఇవ్వకపోతే మీ ఫోన్ నంబరు ఆ రెజిమెంటు పెద్దలకు చేర్చమనండి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం వెళ్ళండి. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలో చేరిన ఊరది. ఒకే రోజు ఒకే చోట భర్తీ అయినవాళ్ళకు నంబర్లు వరసగా పడతాయి, కాబట్టి మీ నాన్నగారి నంబరుకు దగ్గరి నంబరున్న మనిషి ఆయనతో కలిసి ట్రైనింగు చేసి ఉండొచ్చు.

వాళ్ళ దగ్గర ఇంటిపేరు చెబితే గుర్తుపట్టకపోవచ్చు. యూనిట్లో అందరూ ‘రావు’లే అయినప్పుడు నంబరు చివరి అంకెలతో పిలుచుకుంటారు. ఆ అంకెలు, కంపెనీ (యూనిట్లో ఆయన ఉన్న దళం), ట్రేడు చెప్పండి, యూనిఫాంలో ఉన్న ఫొటో చూపించండి. ముసలితనపు ఫొటో పనికిరాదు.

ప్రశ్న: మా తాత బర్మా యుద్ధానికి వెళ్ళి 1946లో పెన్షన్ లేకుండా వచ్చేశారు. ఆయన రికార్డు ఇంకా ఉంటుందా? (భీమవరం పాఠకుడు)

జవాబు: పెన్షన్ లేనివాళ్ళ సర్వీసు పత్రాలు 25 ఏళ్ళు ఉంచి తీసేస్తారు. ‘రికార్డు లేదు’ అని జవాబొచ్చేది అందుకే. అయితే లాంగ్ రోల్ అనే రిజిస్టరు శాశ్వతంగా ఉంచుతారు. ‘లాంగ్ రోల్ నకలు’ కావాలని ఆ మాటతోనే అడగండి. నంబరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ అందులో దొరకాలి.