మీ ప్రశ్నలు – మా జవాబులు: గాలిమర రెక్కకు ఐసు పడితే

ఆదిలాబాద్‌లో చలికాలం 4, 5 డిగ్రీలకు పడిపోతుంది కదా, అక్కడ గాలిమరలు పెడితే రెక్కలకు మంచు పడుతుందా? లద్దాఖ్‌లో అయితే అసలు తిరగవా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

ముందు మాట తేల్చుకుందాం. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే మనకు. గాలిమరను ఆపేది మాత్రం రెక్కకు కరుచుకుపోయే ఐసు. దానికి చలి ఒక్కటే చాలదు, గాలిలో నీళ్లుండాలి. మేఘంలోని సన్నని బిందువులు సున్నా కిందికి దిగినా వెంటనే గడ్డకట్టవు, నీళ్లుగానే తేలుతుంటాయి. దేన్నయినా తాకితే మాత్రం అక్కడికక్కడే గడ్డకడతాయి. అందుకే సున్నాకు కాస్త కింద, మైనస్ 10 లోపు, మేఘం కమ్మిన కొండ మీది గాలిమరకే ఎక్కువ తిప్పలు. లద్దాఖ్‌లో మైనస్ 20 ఉన్నా గాలి పొడిగా ఉంటే రెక్క శుభ్రంగానే ఉంటుంది. అక్కడి బాధ వేరు: గేర్‌బాక్స్ నూనె చిక్కబడుతుంది, గ్రీజు బిగుసుకుంటుంది, మామూలు ఉక్కు పెళుసుబారుతుంది. చలి దేశాల మోడళ్లలో నూనెకు హీటర్లు, చలికి ఓర్చే ఉక్కు వాడి మైనస్ 30 దాకా నడిపిస్తారు. ఆదిలాబాద్‌కు ఈ రెండు బాధలూ లేవు.

మా తమ్ముడు స్వీడన్‌లో విండ్ ఫామ్ కంట్రోల్ రూంలో కొత్తగా చేరాడు. గాలి బాగానే ఉండి కరెంటు తగ్గితే, అది ఐసు వల్లనా, మెషీన్ లోపమా అని ఎట్లా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

రెక్క కొన సెకనుకు 80 మీటర్ల వేగంతో పోతుంది, పైగా అక్కడ రెక్క పలుచన. లావుగా ఉన్న మొదలు దగ్గర బిందువులు గాలితోపాటు పక్కకు తప్పుకుంటాయి. కొన దగ్గర ఆ వ్యవధి ఉండదు, నేరుగా వచ్చి ముందంచుకు కొట్టుకుంటాయి. కరెంటు ఎక్కువ పుట్టేది కూడా కొన వైపు సగంలోనే. కాబట్టి గరుకు కాగితం అంత పొర పట్టినా ఎత్తే బలం పడిపోయి, వెనక్కి లాగే బలం పెరుగుతుంది.

చూసే పద్ధతి ఇది. ప్లస్ 3 డిగ్రీల పైన ఉన్నప్పటి పాత రికార్డు తీసుకుని, ఒక్కో గాలి వేగానికి ఎంత కరెంటు వచ్చిందో 10 నిమిషాల సగటులతో పట్టిక వేయాలి. ప్రతి వేగం దగ్గరా, ఆ సగటుల్లో పది శాతం కిందికి, తొంభై శాతం పైకి పడేచోట గీత గీయాలి. బయట సున్నా కంటే తక్కువ ఉండి, వరుసగా మూడు సగటులు, అంటే అరగంట, ఆ గీత కిందే ఉంటే ఐసు అనుకోవచ్చు. చల్లగాలి బరువు, మైనస్ 20లో ప్లస్ 15 కన్నా దాదాపు 14 శాతం ఎక్కువ. గాలి వేగాన్ని ఆ సాంద్రతకు సవరించకపోతే నష్టం తక్కువగా కనపడుతుంది.

మీ తమ్ముడు జాగ్రత్త పడాల్సింది ఇంకోటుంది. గాలి కొలిచే మీటరుకే ఐసు పడితే అది గాలిని తక్కువ చూపిస్తుంది. అప్పుడు స్క్రీన్ మీద గాలిమర లెక్కకు మించి కరెంటు ఇస్తున్నట్టు ఉంటుంది. అది చూసి సంతోషపడొద్దు, మీటరు హీటర్ పనిచేస్తుందో లేదో చూడాలి.

మూడో గుర్తు ఊపు. 50 మీటర్ల రెక్కకు కొన వైపు సగంలో 90 కిలోల ఐసు పట్టిందనుకోండి. నిమిషానికి 15 చుట్లు తిరిగేటప్పుడు అది దాదాపు 9 క్వింటాళ్ల బలంతో బయటికి గుంజుతుంది. మూడు రెక్కలకూ సమంగా ఉన్నంతసేపు సరే. ఒక రెక్కది రాలి, మిగతా రెండింటిదీ ఉండిపోయిందో, టవరంతా ఊగుతుంది, మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. అలారంలో 'వైబ్రేషన్' అని వస్తే బేరింగును అనుమానించేలోపు బయటి ఉష్ణోగ్రత చూడమనండి.

రెక్కలో హీటర్ తీగలు పెడితే పోలేదా? లేకుంటే ఉప్పునీళ్లు కొట్టొచ్చు కదా!
– సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

పెడుతున్నారు, రెండు తీర్లుగా. ఒకటి, రెక్క మొదట్లో ఫ్యాను, హీటరు బిగించి వేడిగాలిని లోపల ముందంచు వెంబడి కొన దాకా తోలడం. చిక్కేమిటంటే రెక్క గాజునార, ఎపాక్సీ అనే జిగురుతో చేసింది, వేడిని సరిగా బయటికి పోనివ్వదు. పైగా ఐసు ఎక్కువ పట్టేది కొనకు, వేడి చివరగా చేరేదీ కొనకే. చాలాచోట్ల గాలిమరను ఆపి గంటల తరబడి కాయాల్సి వస్తుంది. రెండోది, ముందంచు పైపొర కిందే కార్బన్ నార పట్టీలు పరిచి కరెంటు పంపడం. ఇది వేగం. పొరంతా కరగనక్కర్లేదు, రెక్కకు అంటుకున్న అడుగు పొర కరిగితే చాలు, మిగతాది తిరిగే ఊపుకే ఊడిపోతుంది. కాకపోతే కార్బన్ పిడుగును పిలుస్తుంది. పట్టీలను పిడుగు తీగకు సరిగా కలపకుంటే మధ్యలో నిప్పులు దూకి రెక్క కాలుతుంది. వేడి చాలకున్నా తంటానే, కరిగిన నీళ్లు వెనక్కి జారి పట్టీ లేనిచోట మళ్లీ గడ్డకడతాయి.

ఉప్పునీళ్లు వద్దు. వాన తాకిడికి ఎంతోసేపు నిలవవు, బోల్టులు మాత్రం తుప్పు పడతాయి.

తిరిగే రెక్క నుంచి ఐసు ఎంత దూరం పడుతుంది?
– రైతు, జగిత్యాల

మోటు లెక్క ఒకటుంది: టవరు ఎత్తు, రెక్కలు తిరిగే వలయం వెడల్పు కలిపి ఒకటిన్నరతో గుణించాలి. రెండూ 100 మీటర్లయితే 300 మీటర్లు. మీ భాషలో చెప్పాలంటే చుట్టూ 70 ఎకరాలు. అంత దూరం ప్రతిసారీ పడుతుందని కాదు, ఆ లోపల నిలబడొద్దని. పనివాళ్లు ముందుగా గాలిమరను రిమోట్‌తో ఆపిస్తారు, రెక్కలు తలుపు పైన వేలాడకుండా తలను అవతలికి తిప్పిస్తారు, బండి దూరంగా పెట్టి గాలి వచ్చే వైపు నుంచి నడిచి పోతారు.

హెలికాప్టర్‌తో గాలిమర మీద నీళ్లు కొట్టే ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. టెక్సస్‌దని రాశారు.
– పెద్దపల్లి

2021 ఫిబ్రవరిలో టెక్సస్ కరెంటు పోయినప్పుడు తిరిగిన ఫొటో అది, తీసింది మాత్రం స్వీడన్‌లో, అంతకు ఏళ్ల ముందు. టెక్సస్‌లో గాలిమరలు కొన్ని ఆగిన మాట నిజమే, కానీ ఎక్కువ కరెంటు పోయింది గ్యాస్ ప్లాంట్ల నుంచి. స్వీడన్ పద్ధతిలో గాలిమరను ఆపి వేడినీళ్లు కొడతారు. మబ్బు విడిచాకే కుదురుతుంది, ఐసు పట్టించే మేఘంలో హెలికాప్టర్‌కే ప్రమాదం.

మన తెలంగాణ గాలిమరలకు ఇలాంటి బాధ ఏదైనా ఉందా?
– అదే పాఠకుడు

ఐసు లేదు. ఎండాకాలం అదే ముందంచుకు దుమ్ము, చచ్చిన పురుగులు అంటుకుని గరుకు తేలుతుంది, కరెంటు కొంత తగ్గుతుంది. తొలకరి నాలుగు వానలు పడితే కడుక్కుపోతుంది.