నంబర్ ప్లేటు ఫ్రేమ్ కోసం కారు ఆపిన రోజు

"ఒక్క కారు ఆపినందుకు ఊరికి ఊరే తగలబడుతుందా, అసలు కారణం వేరే ఉండాలి కదా?" అని అమెరికాలో నల్లవాళ్ళ పేటల్లో చెలరేగిన అల్లర్ల గురించి ఒకరు అడిగారు. ఆపడమే కారణం అంటాను నేను. ఎవరిని ఆపారు, ఎవరి కళ్ళ ముందు ఆపారు అన్నదాన్ని బట్టే మిగతాదంతా.

ఇక్కడ న్యూజెర్సీలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నా సహోద్యోగి కారులో వస్తున్నాను. ఆయన నల్లజాతివాడు, వయసులో నాకంటే బాగా పెద్ద. వెనక పోలీసు లైట్లు వెలగగానే కారు పక్కకు తీసి ఇంజిన్ ఆపాడు, అద్దాలన్నీ దించాడు, లోపలి లైటు వేశాడు, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టాడు. "ఫోన్ ముట్టుకోకు, బ్యాగ్ కోసం వంగకు" అన్నాడు, నావైపు తిరక్కుండానే. ఇదంతా ఆయనకు ఎంత అలవాటో నాకు అప్పుడు అర్థమైంది.

నేరమేంటయ్యా అంటే, ప్లేటు చుట్టూ డీలర్ బిగించిన ఫ్రేమ్ రాష్ట్రం పేరును కాస్త కప్పేస్తోందట! నా కారుకీ అలాంటి ఫ్రేమే ఉంది, నన్ను ఒక్కరూ ఆపలేదు. ఆఫీసరు ఆయన లైసెన్స్ తీసుకుని, నావైపు వంగి "మీకేం ఇబ్బంది లేదు కదా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. పక్కన ఆయన దవడ బిగుసుకుంది. ఎదురుగా బస్టాపులో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు పైకెత్తారు. ఒక పెద్దావిడ "మేం చూస్తున్నాం నాయనా" అని రోడ్డు అవతలి నుంచి గట్టిగా అరిచింది. చివరికి వార్నింగ్ ఇచ్చి వదిలేశారు. అదే ఆయన్ని కాలర్ పట్టి కిందకు లాగి ఉంటే, ఆ బస్టాపు ఊరుకునేది కాదు.

మా న్యూజెర్సీలోనే ఉన్న నెవార్క్‌లో 1967 జూలై 12న జరిగింది అదే. రోడ్డు మీద డబుల్ పార్క్ చేసి ఉన్న పోలీసు కారును దాటి వెళ్ళాడని జాన్ స్మిత్ అనే టాక్సీ డ్రైవర్‌ని పట్టుకుని కొట్టారు. స్టేషన్లోకి ఈడ్చుకెళ్తుంటే ఎదుటి హేస్ హోమ్స్ అనే ప్రభుత్వ ఇళ్ళలోని జనం కళ్ళారా చూశారు. టాక్సీవాళ్ళ రేడియోల్లో కబురు పాకింది, చచ్చిపోయాడన్న పుకారు లేచింది. ఆయన బతికే ఉన్నాడు, కానీ పోలీసుల మాట నమ్మేదెవరు? అల్లర్లు చెలరేగి 26 మంది పోయారు. అంతకు రెండేళ్ళ ముందు, 1965 ఆగస్టు 11న లాస్ ఏంజిలస్‌లో వాట్స్ అనే పేట దగ్గర తాగి నడుపుతున్నాడని మార్కెట్ ఫ్రై (Marquette Frye) అనే నల్లజాతి కుర్రాణ్ణి ఆపారు. ఇల్లు దగ్గరే కాబట్టి తల్లి వచ్చింది, తోపులాటైంది, జనం చూస్తుండగా తల్లీకొడుకులను అరెస్టు చేశారు. అక్కడి అల్లర్లలో పోయింది 34 మంది.

నిరుద్యోగం, ఇరుకు ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. నెవార్క్‌లో మెడికల్ కాలేజీ కోసం నల్లవాళ్ళు కాపురముంటున్న పేటలో 150 ఎకరాలు తీసుకుంటామన్నారు కూడా. కానీ ఆ ఫైలు మీద సంతకం పెట్టినవాడు వీధిలో కనబడడు. పోలీసు కనబడతాడు.

మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నల్లవాళ్ళ గురించి "వాళ్ళంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. టర్న్‌పైక్ అనే ఇక్కడి టోల్ హైవే మీద ఒంటి రంగు చూసి కార్లు ఆపుతున్న మాట నిజమేనని 1999లో న్యూజెర్సీ ప్రభుత్వమే ఒప్పుకుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి రోజూ అదే టర్న్‌పైక్ ఎక్కి ఆఫీసుకు పోయే మనకు ఆ సంగతి పట్టదు.

ఫిలడెల్ఫియాలో 2022 నుంచి ఒక బ్రేకు లైటు వెలగలేదనో, బంపర్ ఊగుతోందనో, కేవలం అందుకోసమే కారు ఆపడానికి వీల్లేదు. ఇక్కడా అలాంటి చట్టం తెమ్మని మా అసెంబ్లీ సభ్యుడికి ఉత్తరం రాశాను. ప్లేటు ఫ్రేముకు నోటీసు పోస్టులో పంపితే చాలు.