పదకొండు కోర్సులు కొన్నాక పన్నెండోది కొనాలా?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ చేసి, అమీర్‌పేటలో జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను. మూడేళ్లుగా హైదరాబాద్‌లో స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) మీద పనిచేస్తున్నాను. ఆన్‌లైన్‌లో పదకొండు కోర్సులు కొంటే పూర్తయినవి రెండు. ఇప్పుడు ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘ఏఐతో ఫుల్‌స్టాక్’ అని ఆరు నెలల కోర్సుకు 85 వేలు అడుగుతున్నారు. చేరమంటారా? ఉద్యోగం చేసుకుంటూనే నేర్చుకోవాలంటే నమ్మదగ్గ మెటీరియల్ ఎలా పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇప్పుడే చేరకండి. ముందు వాళ్లిచ్చిన సిలబస్ కాగితం తీసుకుని, ఆఫీసులో మీరు రోజూ చేస్తున్నవన్నీ పెన్నుతో కొట్టేయండి. కోర్ జావా, ఎస్‌క్యూఎల్, స్ప్రింగ్, గిట్ పోతాయి. మిగిలిన నాలుగు లైన్లకు 85 వేలు పెట్టొచ్చా అన్నది అప్పుడు చూడండి.

తొమ్మిది కోర్సులు మధ్యలో ఆగిపోయాయంటే అది మీ బద్ధకం అనుకోనక్కర్లేదు. కోర్సు ఏమీ తెలియనివాళ్ల కోసం మొదటి నుంచి చెప్పుకొస్తుంది. మూడేళ్లు పనిచేసినవాళ్లకు తొలి పది గంటల్లో అన్నీ తెలిసినవే తగులుతాయి. విసుగొచ్చి మూసేస్తారు. అసలు కావలసింది పదకొండో గంటలో ఉండిపోతుంది. అందుకే ఇక మీదట ముందు ప్రశ్న రాసుకుని, ఆ తర్వాతే మెటీరియల్ వెతకండి. ‘మైక్రోసర్వీసెస్ నేర్చుకోవాలి’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ‘మా ఆర్డర్ల రిపోర్టు తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు ఎందుకు పడుతోంది?’ అంటే తెలుస్తుంది.

ఆ రిపోర్టునే తీసుకుందాం. పోస్ట్‌గ్రెస్ సొంత డాక్యుమెంటేషన్‌లో ‘పెర్ఫార్మెన్స్ టిప్స్’ అధ్యాయం తెరిస్తే, ఒక క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో ప్లాన్‌గా చూపించే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ వాడకం మొదటి భాగంలోనే ఉంటుంది. అది పక్కన పెట్టుకుని, స్టేజింగ్ (పరీక్షల కోసం ఉంచిన) డేటాబేస్‌లో మీ క్వెరీకి ముందు ‘ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్’ చేర్చి నడపండి. ఒక జాగ్రత్త: ఎనలైజ్ పెడితే క్వెరీ నిజంగానే నడుస్తుంది. అప్‌డేట్, డిలీట్ లాంటివైతే ముందు బిగిన్, చివర రోల్‌బ్యాక్ (చేసిన మార్పును వెనక్కి తిప్పే కమాండ్) తప్పనిసరి.

వచ్చిన ప్లాన్‌లో రెండు చూడండి. మొదటిది, ఎన్ని వరుసలు వస్తాయని పోస్ట్‌గ్రెస్ అంచనా వేసింది, నిజంగా ఎన్ని వచ్చాయి. అంచనా 50, వచ్చినవి 5 లక్షలు అయితే టేబుల్ గురించి పోస్ట్‌గ్రెస్ దాచుకున్న గణాంకాలు పాతబడి ఉండొచ్చు. ఆ టేబుల్ మీద ఒకసారి విడిగా, ఎక్స్‌ప్లెయిన్ లేకుండా, ఎనలైజ్ కమాండ్ నడిపి మళ్లీ చూడాలి. రెండోది, ఇండెక్స్ ఉన్నా ‘సీక్వెన్షియల్ స్కాన్’ (టేబుల్ మొత్తాన్ని వరసగా చదవడం) వస్తోందా? తేదీ కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోల్చితే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ‘ఆ రోజు నుంచి, మర్నాటికి ముందు వరకు’ అని రేంజ్‌గా రాస్తే ఇండెక్స్ వాడుకుంటుంది. అయితే ఇదంతా ల్యాప్‌టాప్‌లో 200 వరుసల టేబుల్ మీద చూస్తే ఎలా రాసినా సీక్వెన్షియల్ స్కానే రావచ్చు. చిన్న టేబుల్‌కు అదే చవక మరి. ఇది తెలియక ఇండెక్స్ పనిచేయడం లేదని తలపట్టుకునేవాళ్లు బోలెడుమంది. రెండు సాయంత్రాల పని ఇది, పైసా ఖర్చు లేదు.

ఇక మెటీరియల్ పాతదా కొత్తదా అన్న సంగతి. మీ రంగంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్ప్రింగ్ బూట్ 3 నవంబరు 2022లో వచ్చింది. దానికి కనీసం జావా 17 కావాలి. జావాఎక్స్ పేరుతో ఉన్న పర్సిస్టెన్స్, సర్వ్‌లెట్ ప్యాకేజీలు జకార్తా పేరుకు మారిపోయాయి. సెక్యూరిటీ పాఠాల్లో అందరూ ఎక్స్‌టెండ్ చేయమని చెప్పిన వెబ్‌సెక్యూరిటీకాన్ఫిగరర్‌అడాప్టర్ క్లాసునే తీసేశారు. 2021 నాటి వీడియో చూస్తూ కొత్త ప్రాజెక్టులో టైప్ చేస్తే కంపైల్ కాదు. తప్పెక్కడుందో తెలియక రాత్రంతా పోతుంది. వీడియోలో పామ్ ఫైలు (ప్రాజెక్టు వాడే లైబ్రరీల జాబితా) తెరిచిన చోట ఆపి, పేరెంట్ దగ్గరున్న స్ప్రింగ్ బూట్ వెర్షన్ చదవండి. 2తో మొదలైతే, మీ ఆఫీసు ప్రాజెక్టు కూడా 2 మీదే ఉంటే తప్ప, మూసేయండి. గూగుల్‌లో వెతికితే పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ కూడా ఒక్కోసారి పాత వెర్షన్ పేజీకి తీసుకెళ్తుంది. పేజీ పైనే వెర్షన్ నంబర్లు వరసగా ఉంటాయి, మీది నొక్కాలి. ఏఐ చాట్ దగ్గరా ఇదే తంతు. వెర్షన్ చెప్పకుండా అడిగితే పాతా కొత్తా కలిపి ఇస్తుంది, లేని మెథడ్‌ను కూడా ధీమాగా రాసిస్తుంది. అడగడానికి వాడుకోండి, కానీ అది చెప్పిన ప్రతి మెథడ్ పేరునూ అసలు డాక్యుమెంటేషన్‌లో చూసుకున్నాకే కోడ్‌లో పెట్టండి.

ఈసీఈ నుంచి వచ్చారు కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ లోపలి పనితీరు కాస్త ఖాళీగానే ఉండి ఉంటాయి. ఇవి అంత త్వరగా పాతబడవు కాబట్టి ఇక్కడ పూర్తి కోర్సు చేయడం దండగ కాదు. ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. డేటాబేస్‌లకు కార్నెగీ మెలన్‌లో ఆండీ పావ్లో చెప్పిన పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌కు ఎంఐటీ కోర్సు ఉంది. దాని ల్యాబ్‌లు గో భాషలో, టెస్టులతో సహా అందరికీ అందుబాటులోనే ఉంటాయి. వీడియోలు చూసి ల్యాబ్ వదిలేస్తే మాత్రం నెలలో అంతా మరిచిపోతారు. అందులో రాఫ్ట్ (చాలా సర్వర్లు ఒకే డేటా మీద ఏకీభవించేలా చేసే పద్ధతి) ల్యాబ్‌కు వారాలు పడుతుంది. టెస్టు ఒకసారి పాసైతే చాలదు, యాభైసార్లు నడిపితే ఏ నలభయ్యోసారో ఫెయిలవుతుంది, నేర్చుకునేది అక్కడే. ఏడాదికి ఇలాంటిది ఒక్కటి చాలు.

అయిదారేళ్ల అనుభవం వచ్చేసరికి కోర్సుల అవసరం ఇంకా తగ్గుతుంది. అప్పుడు తమ సిస్టమ్‌లు దెబ్బతిన్నప్పుడు ఏం జరిగిందో కంపెనీలు బయటపెట్టిన నివేదికలు చదవాలి. కోడ్ దాచుకునే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగినదానితో మొదలుపెట్టండి. ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశారు. బ్యాకప్ ఉందిగా అని చూస్తే, పోస్ట్‌గ్రెస్ 9.6 డేటాబేస్ మీద 9.2 నాటి పీజీ డంప్ (బ్యాకప్ తీసే టూల్) నడుస్తూ రోజూ ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లూ తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల కిందటి కాపీతో నిలబెట్టారు. అది చదివాక మీ ప్రాజెక్టు బ్యాకప్‌ను చివరిసారి ఎవరు, ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారో టీమ్ లీడ్‌ను అడగండి.

రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే పేజీలు) చదవడం కూడా అలవాటు చేసుకోండి, పెద్ద భారమేమీ కాదు. జావా ఆరు నెలలకోసారి వస్తున్నా మీకు 17, 21, 25 లాంటి దీర్ఘకాల సపోర్టు వెర్షన్లు చాలు. పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద వెర్షన్ ఏడాదికి ఒకటే.

ఇవన్నీ చేశాక కూడా క్లాసే కావాలనిపిస్తే డెమోకు వెళ్లండి. ఫ్యాకల్టీని ఏ వెర్షన్ మీద చెబుతారో అడగండి, పోయిన బ్యాచ్ ప్రాజెక్టు కోడ్ చూపించమనండి. ఏఐ అంటే ఏం కట్టిస్తారో, అది తప్పు జవాబిస్తే ఎలా పట్టుకుంటారో చెప్పమనండి. ఫీజు వాయిదాల్లోనే కట్టండి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ పేరుతో లేని అనుభవానికి లెటర్ ఇప్పిస్తామంటే అక్కడితో లేచి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది దొరికితే, మీరు నిజంగా పనిచేసిన మూడేళ్లను కూడా ఎవరూ నమ్మరు.